డిజిటల్ గడియారం తడబడితే పాట చెడుతుందా?

సీడీలో ఒక్కో ఛానల్‌కూ సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటాయి. 1982లో సోనీ, ఫిలిప్స్ సీడీని మార్కెట్లోకి తెచ్చిననాటి లెక్కే ఇప్పటికీ. ఈ అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే చిప్పును డీఏసీ అంటారు. ఏ శాంపిల్‌ను ఎప్పుడు వదలాలో దానికి చెప్పేది క్వార్ట్జ్ గడియారం. దాని టిక్కు కాస్త ముందో వెనకో పడితే, అంకె సరైనదే అయినా పడాల్సిన క్షణంలో పడదు. ఈ తడబాటే జిట్టర్.

తరంగం ఎంత నిటారుగా లేస్తే తప్పు అంత పెరుగుతుంది. అందుకే మృదంగం తొప్పి మోతలో జిట్టర్ ప్రభావం దాదాపు ఉండదు, తాళాల గలగలలో ఎక్కువ. 10 కిలోహెర్ట్జ్ స్వరం మోగుతుండగా గడియారం మొత్తం 1 నానోసెకను మేర ఒకే లయలో ఊగితే, ఆ స్వరానికి రెండు పక్కలా చెరొక అదనపు స్వరం పుడుతుంది. అవి అసలు స్వరానికి 96 డెసిబెళ్లు దిగువన ఉంటాయి. 16 బిట్ల సీడీ పట్టగల అతి సన్నని శబ్దం కూడా ఇంచుమించు అక్కడే.

మరి చెవి ఎక్కడ పట్టుకుంటుంది? 1998లో డాల్బీ లేబొరేటరీస్‌కు చెందిన బెంజమిన్, గానన్ జరిపిన పరీక్షల్లో, జిట్టర్‌ను బయటపెట్టేందుకే ఎంచుకున్న ఒంటి స్వరంలో 10 నానోసెకన్ల దగ్గర తేడా తెలిసింది. సంగీతంలోనైతే కనీసం 20 కావలసి వచ్చింది. 2005లో జపాన్‌లో అషిహర బృందం యాదృచ్ఛిక జిట్టర్‌తో పరీక్షిస్తే, తర్ఫీదు పొందిన శ్రోతలకు సైతం కొన్ని వందల నానోసెకన్లు దాటితే గానీ తెలియలేదు. 20 నానోసెకన్లలో ధ్వని గాలిలో కదిలేది 7 మైక్రాన్లు. పత్తి పీచు మందం కంటే తక్కువే. నేటి మంచి డీఏసీల జిట్టర్ ఒక నానోసెకను లోపే. దాన్ని ఇంకా తగ్గిస్తామంటూ అమ్మే ఖరీదైన కేబుళ్ల మీద డబ్బు పోయడం వృథా.

టేపు కాలంలో తేడాలు ఇంతకంటే ఎంతో పెద్దవి. వేగం సెకనుకు నాలుగుసార్లు 0.1 శాతం అటూఇటూ ఊగే క్యాసెట్ డెక్కులో కాలం 40 మైక్రోసెకన్లు, అంటే 40,000 నానోసెకన్లు తప్పుతుంది. అయితే ఈ రెంటినీ నేరుగా పోల్చకూడదు. నెమ్మదిగా ఊగినప్పుడు పుట్టే అదనపు స్వరాలు అసలు స్వరాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, వాటిని అదే కప్పేస్తుంది. ఘంటసాల పాటలను ఆ టేపుల మీదే తరాలు మైమరచి విన్నాయి.

బ్లూటూత్ స్పీకర్‌లో పాట తెగి తెగి వస్తే అది జిట్టర్ కాదు. డేటా సమయానికి అందక బఫర్ ఖాళీ కావడం.

జిట్టర్ విషయంలో నిజంగా జాగ్రత్తపడాల్సింది రికార్డింగ్ దగ్గర. పాత టేపులను డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు గడియారం తడబడితే ఆ తప్పు అంకెల్లోనే కలిసిపోతుంది. తర్వాత ఎంత మంచి ప్లేయర్ కొన్నా పోదు. టేపు ఇంకా పాడవకుండా ఉంటే, మంచి గడియారమున్న యంత్రంతో మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి.