లైసెన్సు గలవానికే లెక్కలన్నీ

ఆదివారం తెల్లవారేసరికి ఉత్తర కలకత్తాలో బాగ్‌బజారు దగ్గరి గాలిఫ్ వీధి జనంతో నిండిపోతుంది. (2001 నుండి ఆ నగరం కోల్‌కతా అయినది గాని, మన తెలుగువారి నోట ఇంకా కలకత్తాయే.) పూలమొక్కలు, గాజుతొట్లలో రంగు చేపలు, పంజరాలలో పిట్టలు, వాటి నడుమ బుట్టలలో ఒకదానిపై ఒకటి పడి నిద్రించే కుక్కపిల్లలు. కొనవచ్చినవాడు వంగి చూస్తాడు. అమ్మేవాడు ఒక పిల్లను అరచేత ఎత్తి, అసలైన జాతి అంటాడు. దీని తల్లి ఎక్కడున్నదని అడిగేవారు అరుదు.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు ఆ నగరంలోనే ఉన్నారు. వారు లైసెన్సు పొందిన పెంపకందారులు. వారి కష్టాలు మనకు తెలియవు. తెలిసినా జాలి కలగదు. కుక్కల వ్యాపారమనగానే మనకొక చులకన. నాకూ ఉండేది.

కొన్నేళ్ల క్రిందట పిల్లల పోరు పడలేక, దారిలో ఎదురైన ఒక అమ్మకందారు వద్ద చవకగా ఒక పిల్లను కొన్నాను. నలభై రోజులదని చెప్పినాడు. నాలుగవనాడు నెత్తుటి విరేచనాలు పట్టుకున్నవి, ఆరవనాడు పోయినది. పార్వో అన్నాడు పశువైద్యుడు. 1978లో బయటపడి రెండేళ్లలోనే ప్రపంచమంతా చుట్టివచ్చిన వ్యాధి అది. తల్లిపాలు ఇచ్చిన రక్షణ సన్నగిల్లి, టీకాల రక్షణ ఇంకా కుదురుకోని వారాలలోనే అది పిల్లను పట్టుకుంటుంది. ముద్దుగా కనబడి త్వరగా అమ్ముడుపోయే వయస్సూ సరిగా అదే.

ఆ తరువాతనే ఒక మిత్రుడు నన్ను దక్షిణ కలకత్తాలో ఒక పెంపకందారు ఇంటికి తీసుకొనిపోయినాడు. అరవై దాటిన బెంగాలీ పెద్దమనిషి. "దాదా, ఒక లాబ్రడార్ పిల్ల కావాలి" అన్నాను. ఆయన పిల్లలను చూపలేదు. పగటిపూట ఇంట్లో ఎవరుంటారు, ఎన్నవ అంతస్తు, ఇంతకుముందు కుక్కను పెంచినారా అని నన్నే ప్రశ్నించినాడు. చనిపోయిన పిల్ల సంగతి చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు మాటాడలేదు. "పుట్టి పది రోజులే అయినది. రెండు నెలలు నిండనీయండి" అన్నాడు.

ఆ రెండు నెలలు చట్టం విధించిన గడువు. 2017 మే నెలలో కేంద్రప్రభుత్వం కుక్కల పెంపకానికీ అమ్మకానికీ నిబంధనలు ప్రకటించినది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద 5,000 రూపాయలు చెల్లించి నమోదు కావలెను. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించరాదు. ఏడాదికి ఒక్క ఈతకు, జీవితకాలంలో ఐదు ఈతలకు మించరాదు. మైక్రోచిప్ వేయించవలెను, రికార్డులు వ్రాయవలెను.

ఇందులో ఒక్కటీ తప్పుపట్టదగినది కాదు. దాదా కూడా తప్పుపట్టలేదు. ఆయన బాధ వేరు. ఎనిమిది వారాలు తన ఇంట పాలు, మాంసం, టీకాలు, నులిపురుగుల మందు పెట్టి పెంచిన పిల్లకు, ఐదవ వారంలోనే బుట్టకెక్కిన పిల్ల సంతలో ధర నిర్ణయిస్తున్నది. కొనేవానికి రెండూ ఒకటిగానే కనబడతవి. లోతుగా చూచి తనిఖీ చేయవచ్చేవారు కూడా చిరునామా ఉన్నవాని తలుపే తడతారు; బుట్టకు చిరునామా ఎక్కడిది? జంతువును హింసించినవానికి 1960 నాటి చట్టం మొదటి తప్పుకు నిర్ణయించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. కోల్స్‌వర్తీ గ్రాంటు చొరవతో 1861లోనే జంతుహింస నివారణ సంఘం వెలసిన నగరమిది. అయినా కథ ఇట్లున్నది.

ఇక పని సంగతి. చూలు అరవై మూడు రోజులు. ఈనిన తరువాత మొదటి వారాలు పిల్లలకు తమ ఒంటి వేడిని తామే నిలుపుకొనే శక్తి ఉండదు. అలసిన తల్లి ప్రక్కకు దొర్లితే క్రింద పడి నలిగిపోతవి. కనుక రాత్రులు మనిషి మేలుకొనవలసినదే. వానాకాలపు కలకత్తా ఉక్కలో చర్మవ్యాధులు, పిడుదులు, వాటి వెంట వచ్చే జ్వరాలు. మంచుదేశపు హస్కీలను ఈ ఊళ్లో పెంచమని అడిగేవారిని దాదా గుమ్మంలోనుండే పంపివేస్తాడట. 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్ కుక్క కుర్రవాని వెంట నడచినది. దేశమంతటా పగ్‌లకు గిరాకీ పుట్టినది. ఆ చదునుముక్కు కుక్క మన ఎండలలో ఊపిరాడక ఎంత యాతనపడునో ప్రకటనలో చూపరు గదా!

2016 ఏప్రిల్‌లో పెంపకం వ్యాపారం కొరకు విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం నిలిపివేసినది. విచ్చలవిడి దిగుమతులు ఆగడం మంచిదే గాని, కొత్త రక్తం రాని వంశాలలో దగ్గర చుట్టరికపు జతలు పెరిగి, తుంటి కీళ్ల దోషాల వంటివి పిల్లలకు సంక్రమించే ప్రమాదమున్నది. 2024 మార్చిలో మరొక పిడుగు: ఇరవై మూడు జాతులను భయంకరమైనవిగా పేర్కొని నిషేధించమని కేంద్రం రాష్ట్రాలకు లేఖ వ్రాసినది. కలకత్తా హైకోర్టు దానిని కొంతమేరకు నిలిపివేసినది. తరువాతి నెలలో కర్ణాటక హైకోర్టు కొట్టివేసినది. ఆ కొద్ది వారాలు రాట్‌వైలర్ ఈతలను ఇంట పెట్టుకొన్నవారు నిద్రపోలేదని దాదా చెప్పినాడు.

గడువు నిండినాక మళ్లీ వెళ్లినాను. టీకాల చీటీ, మైక్రోచిప్ సంఖ్య, వంశపత్రం నా చేతికిచ్చి, రిజిస్టరులో సంతకం చేయించుకొన్నాడు. వరండాలో మూతి నెరసిన ఆడకుక్క ఒకటి పడుకొని ఉన్నది. ఇదేనా తల్లి అని అడిగినాను.

"కాదు, అమ్మమ్మ. ఐదు ఈతలూ అయిపోయినవి. ఇక దీని వలన రాబడి లేదు. సంతవాడైతే ఎప్పుడో వదిలించుకొనును" అన్నాడు, దాని గిన్నెలో అన్నం కలుపుతూ. నా చేతిలోని పిల్ల క్రిందికి దిగి, గిన్నె వద్దకు పరుగెత్తినది. ముసలిది మూతి ప్రక్కకు జరిపి చోటిచ్చినది.