ఎమ్మిగనూరులో నైట్రో మాన్‌స్టర్ ట్రక్‌కి బ్రష్‌లెస్ మోటార్: ఇంజన్ తీసి మోటార్ పెడితే పనైపోదు

మా బాబాయ్ బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న 1/10 స్కేల్ నైట్రో మాన్‌స్టర్ ట్రక్ ఒకటి మా ఇంట్లో ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్, .18 ఇంజన్ (దాదాపు 3 సీసీ), రెండు స్పీడ్ల గేర్‌బాక్స్, 75 సీసీ ట్యాంక్. రెండేళ్ళుగా అటక మీదే పడుంది. ఇంజన్‌లో పిస్టన్, స్లీవ్ అరిగి కంప్రెషన్ పోయింది. తాడు ఎంత లాగినా స్టార్ట్ అవ్వదు. కొత్త ఇంజన్ వేద్దామా అంటే, దానికి తాగించే ఫ్యూయెల్ మన ఎమ్మిగనూరులో ఎక్కడా దొరకదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడదామంటే అది మండే సరుకు, విమానంలో రాదు. పాత సామాన్లవాడికి వేసేయడమా, ఎలక్ట్రిక్‌గా మార్చడమా అన్న రెండే దారులు మిగిలాయి. తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడు మొదటి దారికి ససేమిరా అన్నాడు. రెండో దారి ఎలా నడిచిందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే ట్రక్ చూసిన ప్రతివాడూ ఇదే అడిగాడు: "పెట్రోల్ పోస్తే పోదా అన్నా?" పోదు. ఇలాంటి ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. దాని లోపల ప్లాటినం కలిసిన చిన్న చుట్ట. స్టార్ట్ చేసేటప్పుడు 1.5 వోల్టులతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఆ తర్వాత మిథనాల్ ఆవిరి ప్లాటినంతో కలిసి జరిగే చర్య వల్ల అది తనంతట తానే వేడిగా ఉంటుంది. పెట్రోల్‌తో ఆ చర్య జరగదు. పైగా నైట్రో ఫ్యూయెల్ అంటే మిథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు ఆయిల్ కూడా కలిపిన మిశ్రమం. ఇంజన్‌కి లూబ్రికేషన్ అంతా ఆ ఆయిలే. ఉత్త పెట్రోల్ పోస్తే బండి స్టార్ట్ అవ్వదు, లోపలి భాగాలూ పాడవుతాయి.

కంపెనీలు కూడా ఇదే చేశాయి

నైట్రో బండిని ఎలక్ట్రిక్ చేయడం మనం కనిపెట్టిన వింతేం కాదు. ట్రాక్సాస్ టీ-మ్యాక్స్ 1999లో వచ్చి నైట్రో మాన్‌స్టర్ ట్రక్కుల క్రేజ్‌ని పెంచింది. అదే కంపెనీ 2004లో రెవోని నైట్రోగానే తెచ్చింది. తర్వాత అదే డిజైన్ ఈ-రెవోగా ఎలక్ట్రిక్ అయింది. హెచ్‌పీఐ శావేజ్ కూడా అంతే, నైట్రోగా పుట్టి శావేజ్ ఫ్లక్స్ పేరుతో బ్రష్‌లెస్ అయింది. అయితే కంపెనీలు మోటార్ మార్చి ఊరుకోలేదు. ట్రాన్స్‌మిషన్, డ్రైవ్ షాఫ్టులు కూడా దానికి తగ్గట్టు గట్టివి వేశాయి. మన దగ్గర అలాంటి ఫ్యాక్టరీ లేదు కాబట్టి అసలు పని అక్కడే ఉంది.

మోటార్ లెక్క

పాత ఇంజన్ సుమారు 30,000 ఆర్‌పీఎం దాకా తిరిగేది. ట్రక్‌లోని గేర్లు, డిఫరెన్షియల్ అన్నీ ఆ వేగాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవే. మోటార్ కూడా ఆ దగ్గర్లోనే తిరిగితే మిగతా బండికి పెద్ద మార్పు అనిపించదు.

బ్రష్‌లెస్ మోటార్ మీద కేవీ అని ఒక అంకె ఉంటుంది. ఒక్కో వోల్టుకి లోడ్ లేకుండా ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతుందో అదన్నమాట. మేం తీసుకున్నది 36 మి.మీ. వ్యాసం, నాలుగు పోల్స్, 2400 కేవీ. 3ఎస్ లైపో ఫుల్ చార్జ్‌లో 12.6 వోల్టులు ఉంటుంది. 12.6 × 2400 అంటే 30,240. లెక్క కుదిరింది. అదే 4ఎస్ పెడితే 16.8 × 2400, అంటే 40,320. యూట్యూబ్‌లో అందరూ 4ఎస్, 6ఎస్ పెట్టి గాల్లోకి ఎగరేస్తుంటారు, చూడ్డానికి బాగానే ఉంటుంది. నైట్రో కోసం చేసిన ప్లాస్టిక్ గేర్ల మీద ఆ సరదా వద్దని నా సలహా.

ఈఎస్‌సీ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. 3ఎస్ మాత్రమే వాడినా 2ఎస్ నుంచి 4ఎస్ దాకా తట్టుకునే 120 యాంప్స్ క్లాస్ తీసుకోండి. హాబీవింగ్ మ్యాక్స్10 ఎస్‌సీటీ ఆ క్లాస్‌కి మంచి ఉదాహరణ. ధరలు నెలనెలా మారుతుంటాయి, అందుకే ఇక్కడ అంకెలు వేయట్లేదు. ఒకటి గుర్తుంచుకోండి: మా ఖర్చులో దగ్గర దగ్గర సగం బ్యాటరీలకీ చార్జర్‌కే పోయింది. మోటార్ కాంబో రేటు చూసి ఇంతేగా అనుకునేవాళ్ళు అక్కడే ఇరుక్కుంటారు.

లేత్ షాపులో ఒక పూట

ఈ ట్రక్‌కి రెడీమేడ్ మోటార్ మౌంట్ దొరకలేదు. మనకున్న లాభం ఏంటంటే, ఆదోని 30 కిలోమీటర్ల లోపే ఉంది. పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు ఉన్న ఊరు కాబట్టి మిషన్ల పార్టులు చేసే లేత్ షాపులకి కొదవ లేదు. పాత ఇంజన్ మౌంట్, మోటార్, స్పర్ గేర్ అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాం. 36 మి.మీ. మోటార్లకి ముందువైపు ఎం3 బోల్టుల రంధ్రాలు 25 మి.మీ. దూరంలో ఉంటాయి. ఆ కొలతతో అల్యూమినియం ఎల్ యాంగిల్‌కి రంధ్రాలు వేయించాం. గుండ్రంగా వేస్తే కుదరదు, మోటార్ అటూ ఇటూ జరగడానికి పొడవుగా గాడి వేయాలని చెబితే మేస్త్రీ నవ్వాడు. "ఏమప్పా, ఇంత బొమ్మ బండికి అర మిల్లీ లెక్కలా?" అన్నాడు. పినియన్, స్పర్ పళ్ళు కలిపి చూపించాక ఆయనే కళ్ళద్దాలు పెట్టుకుని రెండోసారి కొలిచాడు.

పినియన్ కొనేముందు రెండు చూడండి. మోటార్ షాఫ్ట్ సైజు ఒకటి (మాది 5 మి.మీ.), పళ్ళ మాడ్యూల్ ఇంకొకటి. స్పర్ ఏ మాడ్యూల్‌లో ఉందో పినియన్ కూడా అదే అయి ఉండాలి, దగ్గర దగ్గరగా ఉందిలే అంటే కుదరదు. రెండిటి మధ్య నోట్‌బుక్ కాగితం ముక్క పెట్టి, పళ్ళు నొక్కి, బోల్టులు బిగించి, కాగితం లాగేయండి. కాగితం చిరగకుండా మడతలు మడతలుగా వస్తే గ్యాప్ సరిగ్గా ఉన్నట్టు. బోల్టులకి నీలం థ్రెడ్‌లాకర్ తప్పనిసరి.

ఎవరూ చెప్పని గేర్‌బాక్స్ సంగతి

చాలా నైట్రో టూ-స్పీడ్ గేర్‌బాక్సుల్లో మొదటి గేర్ ఒక వన్-వే బేరింగ్ మీద కూర్చుని ఉంటుంది. ఒక వైపు తిప్పితే పట్టుకుంటుంది, ఇంకో వైపు తిప్పితే ఊరికే జారుతుంది. సైకిల్ ఫ్రీవీల్ లాగా. నైట్రోలో దీంతో ఇబ్బంది లేదు, ఎందుకంటే బ్రేక్ వేరే డిస్క్ మీద పడుతుంది, రివర్స్ చాలా బండ్లకి ఉండనే ఉండదు. ఎలక్ట్రిక్‌లో బ్రేక్ వేసేదీ రివర్స్ తిప్పేదీ మోటారే. ఈ బేరింగ్ అలాగే ఉంచితే బ్రేక్ నొక్కినా మోటార్ ఆగుతుంది కానీ బండి ఆగదు! రోడ్డు మీద ఎవరైనా అడ్డొచ్చినప్పుడు ఇది సరదా విషయం కాదు.

అందుకే రెండు స్పీడ్ల సెట్ మొత్తం పీకేసి, షాఫ్ట్‌కి నేరుగా బిగిసే ఒకే స్పర్ గేర్ పెట్టాం. క్లచ్ బెల్, క్లచ్ షూలు, థ్రాటిల్ సర్వో, బ్రేక్ డిస్క్ అన్నీ బయటికి వచ్చేశాయి. మోటార్ సున్నా నుంచే టార్క్ ఇస్తుంది కాబట్టి రెండో గేర్ లేని లోటు తెలియలేదు.

కానీ ఆ టార్కే తలనొప్పి కూడా. నైట్రోలో క్లచ్ కొంచెం జారి దెబ్బని మెత్తబరిచేది. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే దెబ్బంతా డ్రైవ్ షాఫ్టుల మీద, డిఫరెన్షియల్ పళ్ళ మీద పడుతుంది. ప్రోగ్రామ్ కార్డ్‌తో ఈఎస్‌సీలో పంచ్ సెట్టింగ్‌ని అన్నిటికన్నా తక్కువకి పెట్టాం. పినియన్ కూడా తక్కువ పళ్ళది వేశాం. టాప్ స్పీడ్ కొంత తగ్గింది, మోటార్ వేడీ తగ్గింది.

వైరింగ్‌లో రెండు జాగ్రత్తలు

రిసీవర్‌కి ముందు నాలుగు ఏఏ సెల్స్ డబ్బా ఉండేది. ఇప్పుడు ఈఎస్‌సీలోని బీఈసీయే రిసీవర్‌కి కరెంట్ ఇస్తుంది. రెండూ కలిపి పెట్టకండి, ఆ డబ్బా తీసేయాలి. బీఈసీలో 6 వోల్టులు, 7.4 వోల్టులు అని ఆప్షన్ ఉంటే 6 ఎంచుకోండి. పాత స్టీరింగ్ సర్వో అంతకన్నా ఎక్కువ తట్టుకోకపోవచ్చు.

ట్రక్‌ని ఇటుకల మీద పెట్టి, చక్రాలు నేలకి తగలకుండా థ్రాటిల్ క్యాలిబ్రేషన్ చేయండి. మోటార్ ఉల్టా తిరిగితే మూడు వైర్లలో ఏ రెండిటినైనా మార్చి పెట్టండి, సరిపోతుంది. ఆ తర్వాత రిమోట్ ఆఫ్ చేసి చూడండి. చక్రాలు ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ సెట్ చేసేదాకా బండి నేల మీద పెట్టొద్దు.

బ్యాటరీ ట్రేని ట్యాంక్ ఉన్న చోట పెట్టాం. బండి ఒక పక్కకి ఒరిగిందా అని చూడ్డానికి పక్కనే ఉన్న కిరాణా కొట్టు కాటా సాయం చేసింది. ఎడమ టైర్లు కాటా మీద, కుడి టైర్లు అదే ఎత్తున్న చెక్క మీద. తర్వాత తిరగేసి తూచాం. ఎడమ వైపు బరువెక్కువ ఉందని ఈఎస్‌సీని కుడికి జరిపాం.

మగ్గం ఉన్న ఇంట్లో లైపో

ఎమ్మిగనూరు అంటేనే చేనేత. మా ఇంట్లోనూ మగ్గం ఉంది, అంటే నూలు కండెలు, పడుగు, బట్టలు. నిప్పు రవ్వ పడితే అంతే. లైపో బ్యాటరీ ఉబ్బినా, పంక్చర్ అయినా, ఓవర్ చార్జ్ అయినా మంటలు లేస్తాయి, నీళ్ళు చల్లినంత మాత్రాన ఆగవు. మా అమ్మ పెట్టిన షరతు ఒక్కటే: ఇంట్లో చార్జింగ్ పెట్టకూడదు. నాకూ అదే సరైనదనిపించింది. ఈ ప్రాజెక్ట్ మొత్తంలో ఖర్చు లేకుండా దొరికిన మంచి సలహా అదే.

ఇప్పుడు చార్జింగ్ పెరట్లో నాపరాయి బండ మీద, నీడలో, మనిషి పక్కన ఉన్నప్పుడే. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌ని 5 యాంప్స్‌తో, అంటే 1సీ రేటుతో, ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లో. మధ్యలో కరెంట్ పోయి వస్తే చార్జర్‌లో సెల్స్ సంఖ్య, యాంప్స్ మళ్ళీ చూసుకునే స్టార్ట్ నొక్కాలి. రెండు రోజులకి మించి వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల స్టోరేజ్‌కి దించి, అడుగున ఇసుక పోసిన మట్టి కుండలో పెడుతున్నాం. ఈఎస్‌సీ కటాఫ్ సెల్‌కి 3.2 వోల్టులు. ఫుల్ చార్జ్ చేసి వారం రోజులు అలా వదిలేసే అలవాటు ఉంటే మాత్రం ఈ హాబీ మీకు వద్దు.

నడిపితే ఎలా ఉంది?

పత్తి తీసేసిన చేలో, తెల్లవారు ఆరింటికి. 3ఎస్ 5000 ఎంఏహెచ్ అంటే 55.5 వాట్ అవర్స్. గట్టిగా నడిపితే 18 నిమిషాల దాకా వచ్చింది. ఒక ట్యాంక్ ఫ్యూయెల్ ఇంతకుముందు పది నిమిషాలు కూడా వచ్చేది కాదు. గడ్డలు గడ్డలుగా ఉన్న నల్లరేగడి మీద నెమ్మదిగా పాకించడం నైట్రోతో అసలు కుదిరేది కాదు, ఇప్పుడు చక్కగా కుదురుతుంది. తాడు లాగడం, నీడిల్ తిప్పి ట్యూన్ చేయడం, బండి నిండా ఆయిల్ జిడ్డు, ఇవేవీ లేవు.

పోయింది కూడా ఉంది. ఆ సౌండ్, ఆ పొగ వాసన లేవు. బాబాయ్ వచ్చి చూసి, "బాగుంది గానీ కుట్టు మిషన్ లాగా ఉంది రా" అన్నాడు. నిజమే. నైట్రో మీద ప్రేమంతా ఆ శబ్దం వల్లే అయితే, ఫ్యూయెల్ దొరికే సిటీలో మీరుంటే, దాన్ని మార్చకండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సమస్య ఒకటి కనబడింది. చేలల్లో, మిల్లుల దారిలో గాల్లో తిరిగే దూది నూగు. నైట్రోలో ఎయిర్ ఫిల్టర్ దాన్ని ఆపేది. ఇప్పుడది నేరుగా ఈఎస్‌సీ ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది. మూడో రన్ తర్వాత ఫ్యాన్ దాదాపు ఆగిపోయి కనిపించింది. ఫ్యాన్ మీద పాత మేజోడు ముక్క సాగదీసి కట్టాం, ప్రతి రన్ తర్వాత బ్రష్‌తో దులుపుతున్నాం. ఇంజన్ హెడ్ బయటికి రావడానికి బాడీలో కోసిన పెద్ద రంధ్రాన్ని మూయకుండా అలాగే వదిలేశాం, వేడి బయటికి పోవడానికి అదే దారి. మోటార్‌ని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసి 80 డిగ్రీలు దాటితే ఆపేస్తాం. మే నెలలో ఇక్కడ ఎండ 40 దాటుతుంది కాబట్టి మధ్యాహ్నం నడపడం లేదు. ఎల్‌ఎల్‌సీ కాలువ గట్టు మీద కూడా నడపడం లేదు. బండి జారి నీళ్ళలో పడితే ఈఎస్‌సీ, బ్యాటరీ రెండూ పోతాయి.

ఇప్పటిదాకా పన్నెండు ప్యాకులు నడిపాం. విరిగింది ఒక్క వెనక డ్రైవ్ షాఫ్ట్, అదీ తమ్ముడు ర్యాంప్ మీద నుంచి దూకిస్తూ గాల్లో ఫుల్ థ్రాటిల్ నొక్కి ఉంచినప్పుడు. స్టీల్ షాఫ్టులు, స్టీల్ స్పర్ ఆర్డర్ పెట్టాం. అవి వచ్చేదాకా 4ఎస్ ప్యాక్ నా బీరువాలోనే ఉంటుంది, తాళం చెవి కూడా నా దగ్గరే.