నెత్తిన టోపీ... పొట్టలో తీర్థం!

మీకు తెలుసా? మీ రెండు కిడ్నీల నెత్తిన రెండు టోపీలున్నాయి! వాటి పేరు అడ్రినల్ గ్రంథులు. ఒక్కోటి నాలుగైదు గ్రాములు, అంటే టీస్పూను పంచదారంత. కుడిది త్రికోణం, ఎడమది నెలవంక. కవలలే గానీ కుట్టిన దర్జీలు వేరు!

మీకు తెలుసా? కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభను భుజాన మోస్తూ కౌశిక నదిలో దిగేవాళ్లకు గుండె దడదడలాడించేది ఈ టోపీలు వదిలే అడ్రినలినే. అదే చోట ‘ఫియోక్రోమోసైటోమా’ అనే గడ్డ లేస్తే? మంచం మీద పడుకున్నా తీర్థమే!

మీకు తెలుసా? ఈ గడ్డకు జట్టు ముగ్గురు: తలపోటు, చెమటలు, గుండెదడ. కట్టగట్టుకుని వస్తారు, కాసేపు వీరంగం వేసి చక్కా పోతారు. మీరు ఆటో ఎక్కి ఆస్పత్రికి చేరేసరికి బీపీ నార్మల్. ఇంట్లోవాళ్ల తీర్పు: ‘అంతా నీ భ్రమ!’

మీకు తెలుసా? అమెరికా మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు బీపీ, గుండెపోట్లు. 1969లో ఆయన పోయాక శవపరీక్ష చేస్తే అడ్రినల్‌లో ఒకటిన్నర సెంటీమీటర్ల ఫియో బయటపడింది. హిట్లర్ సేనల్ని ఓడించిన జనరల్‌కు ఒంట్లో శత్రువు చిక్కలేదు!

మీకు తెలుసా? 1886లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి వచ్చిన నివేదిక ప్రకారం, పద్దెనిమిదేళ్ల అమ్మాయి చనిపోతే రెండు అడ్రినళ్లలోనూ గడ్డలు కనిపించాయి. కారణం తేలిందెప్పుడు? 2007లో, ఆమె బంధువుల వారసుల జన్యువులు పరీక్షించాక! 121 ఏళ్ల విచారణ. మన పొలం గట్టు కేసులే నయం!

మీకు తెలుసా? ఈ దొంగను పట్టే ఒక పరీక్షకు 24 గంటల మూత్రమంతా క్యానులో పట్టాలి. వెతికేది అడ్రినలిన్ విరిగితే వచ్చే మెటానెఫ్రిన్‌ల కోసం. క్యాను మీద పేరు పెద్దక్షరాల్లో రాయండి. అమలాపురం బస్సులో పక్క సీటాయన కొబ్బరినీళ్లనుకుంటే కష్టం!

మీకు తెలుసా? పాతకాలపు ‘వీఎంఏ’ మూత్ర పరీక్షకు ముందు అరటిపండు, కాఫీ, చాక్లెట్ మానమనేవారు. లెక్క తప్పుతుందని భయం. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనున్నవాళ్లకు ఇంతకన్నా శిక్షేముంది!

మీకు తెలుసా? అమెరికా డాక్టర్ జెరోమ్ కాన్ 1955లో ఇంకో రకం గడ్డను లోకానికి చెప్పాడు. అది ఆల్డోస్టిరాన్ కుమ్మరించి, బీపీ పెంచి, పొటాషియం తోడేస్తుంది. కండరాలు డీలా పడతాయి. పట్టించేది రక్తంలో ఆల్డోస్టిరాన్-రెనిన్ నిష్పత్తి. పొటాషియం దండిగా ఉన్న బొండం రోజూ తాగినా గడ్డ మాత్రం కరగదు. చిల్లు కుండకు గోదారి చాలుతుందా!

మీకు తెలుసా? అతిమధురం అతిగా వాడితే అచ్చం ఇదే నాటకం: బీపీ పైకి, పొటాషియం కిందికి. గడ్డ లేకుండానే గడ్డ వేషం! అతి అన్నది పేరులోనే చెప్పారు, మనమే వినలేదు.

మీకు తెలుసా? కార్టిసాల్ పోసే గడ్డైతే ముఖం పున్నమి చంద్రుడు, పొట్ట మీద ఊదా చారలు, చర్మం ఆత్రేయపురం పూతరేకు! పరీక్ష తమాషా: రాత్రి 11 గంటలకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర, పొద్దున్న 8కి రక్తం. కార్టిసాల్ డెసీలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటకపోతే హాయి. దాటితే గ్రంథి రాత్రంతా మాట వినలేదన్నమాట!

మీకు తెలుసా? సీటీ స్కాన్ కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ ఉద్యోగం ఈఎంఐలో. గ్రామఫోన్ ముందు కుక్క బొమ్మ రికార్డులు అమ్మిన కంపెనీయే! స్కాన్ కొలమానానికి ఆయన పేరే: నీళ్లు సున్నా, గాలి మైనస్ 1000. అడ్రినల్ గడ్డ అంతటా ఒకేలా ఉండి పదికి మించకపోతే సాధారణంగా సాధువు. పరీక్షలో పది మార్కులొస్తే సంబరపడేది ఇక్కడే!

మీకు తెలుసా? కడుపునొప్పికి స్కాన్ తీస్తే అడ్రినల్ గడ్డ ప్రత్యక్షం కావడం మామూలే! ఎక్కువభాగం నిరపాయం. కానీ ఫియో కాదని తేలకుండా సూదితో గుచ్చి ముక్క తీయకూడదు, బీపీ తారాజువ్వవుతుంది. కందిరీగల తుట్టెను కెలికి లెక్కపెడతామా!

మీకు తెలుసా? మైలోలిపోమా అనే అడ్రినల్ గడ్డలో దొరికేవి కొవ్వు, ఎముక మజ్జ. ఎముకే లేని చోట మూలుగ! నల్లి బొక్కల ప్రియులారా, ఆశ పడకండి.

మీకు తెలుసా? చిన్న వయసులోనే బీపీ వచ్చినా, మూడు రకాల మాత్రలకీ లొంగకపోయినా డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘అండీ, అడ్రినల్ చూశారా?’ అడగడానికి ఫీజు లేదు!

ఆఖరిది. అడ్రినలిన్ కబురును కణంలోపల మోసే సైక్లిక్ ఏఎంపీని కనిపెట్టినందుకు సదర్లండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. అది తయారయ్యేది ఏటీపీ నుంచి. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని కనిపెట్టినవారు యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది భీమవరంలో, రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి వెళ్తే వచ్చే ఊరు! అడ్రినలిన్ ఎన్ని గంతులేసినా మన గోదారి మనిషి అణువు లేనిదే కబురు చేరదండి. ఆయ్!