రేకుల క్రింది వేసవి

అనంతపురము జిల్లా బెళుగుప్ప మండలములో వైశాఖము ప్రవేశించునప్పటికి పగలు పదిగంటల పిమ్మట వీధులలో జనసంచారము సన్నగిల్లును. బడిపిల్లలకు ఒంటిపూట బడులు. ఉపాధి హామీ కూలీలు తెల్లవారకమునుపే పారలు పట్టుకొని పోయి, ఎండ ముదురకముందే ఇల్లు చేరుదురు. అట్టి మిట్టమధ్యాహ్నమున నిచ్చెన వేసికొని పరుల యింటి అటక మీది కెక్కువాడెవడని విచారించితిమేని, అతడు ఇండ్లు పరీక్షించు ఉద్యోగి యగును. దూలము పుచ్చినదో లేదో చూచుటకు, పైకప్పు కారు చోటు గుర్తించుటకు అతడెక్కక తప్పదు. గ్రామ సచివాలయములు 2019లో వెలసినది మొదలు ప్రభుత్వ గృహములను తనిఖీ చేయు భారములో చాల భాగము ఇంజనీరింగ్ సహాయకుల తలపై పడినది. ఈ యువతీయువకుల క్షేమమును గూర్చియు, ఆ యిండ్లలో కాపురముండువారి సుఖమును గూర్చియు నేడు వ్రాయదలచితిమి. రెండును ఒకే ప్రశ్న యని మా తలంపు.

పత్రికలలో ప్రకటింపబడు ఉష్ణోగ్రత యెక్కడిది? వాతావరణ శాఖవారు తెల్లరంగు పూసిన చెక్కపెట్టెలో, నేలకు నాలుగైదడుగుల యెత్తున, నీడలో, గాలియాడు చోట కొలిచినది. 42 డిగ్రీలని చదివి నిట్టూర్చు పాఠకుడు అది నీడలోని లెక్క యని మరువరాదు. ఎండలో కాగిన రేకు గాలికంటె మిక్కిలి వేడెక్కి, ఆ వేడిని క్రిందివారి తలలపై చిమ్ముచుండును. వేడిగాలి తేలికయై పైకెగసి అటకలో చేరును. వెలుపలికి త్రోవలేనిచో అచ్చటనే నిలిచిపోవును. అమెరికాలో వాలుకప్పు ఇండ్ల అటకలలో వేసవి పగలు 60 డిగ్రీలకు మించుటయు కలదు. అందువలన అచ్చటి నిర్మాణ నియమములు అటక వైశాల్యములో 150వ వంతు గాలిద్వారములుండవలెనని విధించుచు, కొన్ని షరతులపై 300వ వంతునకు ఒప్పుకొనుచున్నవి. మనకును 2016 నాటి జాతీయ నిర్మాణ స్మృతి కలదు. పొడి వేడి గల సీమలలో గది వైశాల్యమునకు 10వ వంతు కిటికీలుండవలెనని అది చెప్పుచున్నది. చెప్పుచున్నదనియే మేమనుచున్నాము.

మన పెద్దలు ఈ విషయమున అజ్ఞానులు కారు. ఈ సీమలోని పాత మట్టిమిద్దెను చూడుడు. మందమైన గోడలు, వానిపై దూలములు, దంతెలు, కట్టెపుల్లలు. ఆపైన జానెడు మన్ను, అన్నిటికి మీద చవుడు. చవుటిమన్ను తడిసినప్పుడు మెత్తబడి రంధ్రములు పూడ్చుకొని నీటిని దిగనీయదు. ఎండవేడి ఆ మన్ను దాటి లోపలికి వచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకియుండును. ఇంతకంటె ముచ్చటయైనది నడుమనున్న గవాచి. వంటయింటి పొగయు, పైకెగసిన వేడిగాలియు దాని గుండ వెలువడును. వెలుతురు లోనికి దిగును. చినుకు పడగానే ఎవరో యొకరు మిద్దెమీదికి పరుగెత్తి దానిపై బండయో కుండయో మూయవలెను. వాన అరుదైన ఈ నేలమీద ఆ పరుగు కష్టమనిపించక పండుగవలె తోచియుండును!

అట్లని మట్టిమిద్దెలు విడిచినవారిని మేము నిందింపము. ఏటేట చవుడు తోలవలెను, చెదలకు దూలములు బలియగును, నాలుగు దినములు ముసురు పట్టినచో నిదురలేదు. స్లాబు వేసికొనుట సంసారికి గౌరవము, నిశ్చింత. కాని నాలుగైదు అంగుళముల స్లాబు పగలంతయు ఎండను త్రాగి రాత్రి లోపలికి క్రక్కును. అందుచేతనే మంచములు మిద్దెమీది కెక్కుచున్నవి. రేకుల సంగతి మరియు ఘోరము. ఉన్న కిటికీలను కూడ దుమ్మునకు, దొంగలకు జడిసి మూయుచున్నారు. మండలపు గుట్టలపై గాలిమరలు తిరుగుచున్నవి. ఆ గాలి నుండి పుట్టిన కరెంటు తీగలలో పోవుచున్నది. ఇంటిలోనికి మాత్రము గాలి రాదు. ప్రభుత్వ గృహములకు సొమ్ము పునాది, గోడలు, స్లాబు అను దశలను బట్టి చెల్లును గాని, గాలి వచ్చునా యను ప్రశ్నకు రూపాయి ముడిపడి యుండలేదు.

ఇక తనిఖీదారుని దేహము మాట. చుట్టునున్న గాలి చర్మముకంటె వేడియైనప్పుడు దేహమును చల్లార్చునది చెమట యొక్కటే. గాలి కదలని అటకలో చెమట కారునే గాని ఆరదు. మొదట తలనొప్పి, వికారము, కండరముల నొప్పి. పిదప మాట తడబడును, తానెక్కడ నున్నదియు తెలియదు. దేహతాపము 40 డిగ్రీలు దాటి బుద్ధి చలించినచో అది వడదెబ్బ; ప్రాణాపాయము. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశములో వడదెబ్బకు వేయికి మించి ప్రజలు మరణించిరి. కావున ఒంటరిగ నెవ్వరును అటక యెక్కరాదు; క్రింద నొకరు పలుకరించుచు నిలువవలెను. ముందుగ తలుపులు, కిటికీలు తెరచి కొంతసేపు గాలి ఆడనీయవలెను. కర్రకు కట్టిన సెల్‌ఫోను తీయగల ఛాయాచిత్రమునకై మనిషిని పంపుట యేల? పాత సిమెంటు రేకులపై అడుగిడరాదు. అవి చప్పున విరుగును, వానిలోని ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు విషము. ఎవరైన సొమ్మసిల్లినచో నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు, 108కి కబురంపవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

ఇంటివారికి చౌకయైన ఉపాయము పైకప్పునకు తెల్లపూత. అహమ్మదాబాదువారు 2013లో వడగాడ్పుల ప్రణాళిక నేర్పరచుకొని, పిమ్మట పేదల యిండ్ల కప్పులకు సున్నము పూయించిరి. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమునే ప్రకటించినది. గోడ పైభాగమున కప్పునకు దాపుగ ఎదురెదురు రంధ్రములు రెండు విడిచి, ఉడుతలు, పాములు దూరకుండ జాలి బిగించినచో, గవాచి చేసిన పని కొంత నెరవేరును. కట్టునప్పుడు దీనికగు వ్యయమల్పము. కట్టిన పిదప గోడ తొలుచుట తిప్పలు.

తనిఖీ వేళలు మార్చుటకు మండలాధికారులు పైవారి ఉత్తరువులకై కనిపెట్టుకొని యుండనక్కరలేదు. బెళుగుప్పలో వేసవి యుదయము ఆరు గంటలకు ఇంటివారందరు మేలుకొనియే యుందురు.