నానమ్మ మాత్ర ఎన్ని గంటలకు?

నేరేడ్‌మెట్‌లో మా బడి పదవ తరగతి విద్యార్థిని ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. "సార్! మా నానమ్మ మే నెలలో అమెరికా వెళుతోంది. మా బాబాయి ఫీనిక్స్ నగరంలో ఉంటాడు. నానమ్మ రోజూ ఉదయం 7 గంటలకు రక్తపోటు మాత్ర వేసుకుంటుంది. దారిలో 7 ఎప్పుడవుతుంది?" అని అడిగింది.

నవ్వబోయి ఆగిపోయాను. చాలా మంచి ప్రశ్న అది. పిల్లలూ, మనమూ లెక్క వేద్దాం.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన గడియారాలు కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. ఫీనిక్స్ గడియారాలు 105 డిగ్రీల పశ్చిమ రేఖాంశాన్ని అనుసరిస్తాయి. రెండింటి మధ్య 187½ డిగ్రీలు. దానిని 4తో గుణిస్తే 750 నిమిషాలు, అంటే 12½ గంటలు. అమెరికాలో చాలాచోట్ల వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. ఫీనిక్స్‌లో జరపరు. కనుక ఈ తేడా ఏడాది పొడుగునా ఇంతే.

మనకు ఉదయం 7 అయినప్పుడు అక్కడ ముందురోజు సాయంత్రం 6.30. నానమ్మ అక్కడి గడియారం చూసి ఉదయం 7కి మాత్ర వేసుకుంటే ఏమవుతుంది? రెండు మాత్రల మధ్య 24 గంటలకు బదులు 12½ గంటలో, 36½ గంటలో అవుతుంది. అందుకే దారిలో ఒక గడియారాన్ని మన సమయంతోనే ఉంచుకోవాలి. చేరిన తరువాత వేళను ఎలా మార్చాలో బయలుదేరకముందే డాక్టరును అడిగి రాయించుకోవాలి. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి.

చేతిగడియారాన్ని క్షణంలో తిప్పగలం. మెదడులోని జీవగడియారాన్ని తిప్పలేం. అది కంటిలో పడే వెలుగును బట్టి రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. అందుకే కొన్నాళ్లు పగలు నిద్ర, రాత్రి మెలకువ. పగటిపూట వెలుతురులో గడిపితే త్వరగా సర్దుకుంటుంది.

ఇక నీటి సంగతి. విమానం 10, 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది. అక్కడి గాలిలో తేమ దాదాపు ఉండదు. ఆ గాలినే వేడిచేసి, ఒత్తిడి పెంచి లోపలికి పంపుతారు. అందువల్ల లోపల ఆర్ద్రత తరచు 20 శాతం కన్నా తక్కువ. పెదవులు, గొంతు ఎండిపోతాయి. గంటల తరబడి కదలక కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. మధ్యమధ్య లేచి నడవాలి.

దిగేది సొనోరన్ ఎడారిలోని నగరంలో! 2023 వేసవిలో అక్కడ వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. మీ ఇంటి కుండను గమనించండి. ఎండాకాలంలో నీరు చల్లగా ఉంటుంది. వానాకాలంలో అంతగా చల్లబడదు. పొడిగాలిలో నీరు వేగంగా ఆవిరై వేడిని తీసుకుపోతుంది. మన చెమటా అంతే. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. అది మన ఒంటినుంచే పోతుంది. మంచిదే. కాని ఎడారిలో చెమట పుట్టగానే ఆరిపోతుంది. చొక్కా తడవదు. "నాకు చెమటే పట్టలేదు" అనుకుంటూ మనిషి లోలోపల ఎండిపోతాడు. పైగా కొన్ని రక్తపోటు మాత్రలు మూత్రం ద్వారా నీటిని బయటికి పంపుతాయి. వయసు మీరినవారికి దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. మూడూ కలిస్తే ప్రమాదమే.

ఈ సంగతులన్నీ కాగితం మీద రాసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లింది. వారం తరువాత వచ్చి, "డాక్టరుగారు మాత్రల వేళలు రాసిచ్చారు సార్. ప్రయాణం నవంబరుకు మార్చాం. అప్పుడు ఎండ తగ్గుతుందట" అంది. నానమ్మ చేతికి రెండు గడియారాలు కూడా కొన్నారట!

మీరూ ఒక లెక్క చేయండి. దుబాయి గడియారాలు 60 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. మనకు ఉదయం 7 అయితే అక్కడ ఎంత?