వాలుచారల దిక్సూచి

మా నర్సంపేట చుట్టుపట్ల మిరపచేలపై మందు చల్లుటకు డ్రోనులు వచ్చినది మొదలు, తరగతిలో అయస్కాంతపాఠము చెప్పునపుడు పిల్లల ప్రశ్నలు మారినవి. సూది తిరిగి ఉత్తరమును చూపుట వారికి వింత గాదు. "గాలిల అట్ల ఊగుతుంటె లోపల సూది ఎట్ల ఆగుతది సార్?" అని ఒక బాలిక అడిగినది.

డ్రోను దిక్సూచి లోపల సూది లేదు. కదలెడు భాగ మేదియు లేదు. హనీవెల్ వారి హెచ్‌ఎంసీ 5883ఎల్ అను చిప్పు మూడు మిల్లీమీటర్ల చదరము. దాని గర్భమున పర్మల్లాయి అను నికెలు, ఇనుముల మిశ్రమపు అతిపలుచని పట్టీలు మాత్రమున్నవి. ఇట్టి లోహములో విద్యుత్తు ప్రవహించు దిశకును, లోహపు అయస్కాంతీకరణదిశకును నడుమ నున్న కోణమును బట్టి విద్యున్నిరోధము మారునని, అనంతరకాలమున లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ 1857లోనే కనుగొనెను. దిశలు రెండును ఏకమైనచో నిరోధ మధికము, లంబమైనచో అల్పము. పర్మల్లాయిలో సైతము ఆ భేదము నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే.

నాకు అమితప్రీతికరమైన చిక్కు ఇచ్చటనే కలదు. పట్టీలో అయస్కాంతీకరణము సహజముగా పొడవు వెంబడి నిలుచును, విద్యుత్తును ఆ పొడవునే పారును. కావున కోణము సున్న. బాహ్యక్షేత్రము అయస్కాంతీకరణమును ఎడమకు ఒక డిగ్రీ త్రిప్పినను, కుడికి ఒక డిగ్రీ త్రిప్పినను నిరోధము ఒకే తీరున, అదియును లెక్కకు రానంత స్వల్పముగా తగ్గును. ఎడమో కుడియో తెలుపజాలని పరికరము దిక్కు నేమి చెప్పగలదు? కోణము 45 డిగ్రీలైనచో మాత్రము, ఒక వైపు తిరిగిన నిరోధము పెరుగును, వేఱొక వైపు తిరిగిన తరుగును, ఆ మార్పు వేగమును అచ్చటనే గరిష్ఠము. 1975లో ఫిలిప్స్ సంస్థ పరిశోధకులు, టేపురికార్డరు హెడ్డు కొఱకు శ్రమించుచు, అయస్కాంతీకరణము జోలికి పోక విద్యుత్తు త్రోవనే మళ్లించిరి. పట్టీపై 45 డిగ్రీల వాలుగా మంచి వాహకలోహపు చారలను పఱచిరి. కాలువను దాటు బాటసారి ఎదురుగా నున్న ఒడ్డునకే నేరుగా అడుగు వేసినట్లు, విద్యుత్తు చారకును చారకును నడుమ నున్న సందును లంబముగా దాటును, ఆ లంబమార్గము పట్టీ పొడవునకు సరిగా 45 డిగ్రీలు! ఇంత సరళమైన ఉపాయమును నేను విద్యుత్పరికరములలో అరుదుగా చూచితిని.

అట్టి నాలుగు పట్టీలను వీట్‌స్టన్ వంతెనగా కూర్చి, పొరుగు పట్టీల చారలను ఎదురువాలుగా నుంచినచో, ఎండవేడిమికి నాలుగింటి నిరోధము సమముగా మారి రద్దగును, క్షేత్రప్రభావ మొక్కటే వోల్టేజిగా వెలువడును. మూడు అక్షములకు మూడు వంతెనలు. బలమైన అయస్కాంతము సమీపించి పట్టీలను కలతపెట్టినపుడు, చిప్పులోనే యున్న తీగ గుండా క్షణకాలము పంపిన విద్యుత్తు వానిని యథాస్థితికి తెచ్చును.

1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మముపై ఆధారపడిన సెన్సార్లు దీనికి ప్రత్యర్థులు. సున్నితత్వమున వెనుకబడినను, సిలికానుపై సులువుగా నిర్మింపబడుటచే మొబైలు ఫోనులలో అవే వ్యాపించినవి. ఇక నేడు బజారులో లభించు నీలి దిక్సూచిబోర్డులపై తఱచు క్యూఎంసీ 5883ఎల్ ఉండును. రూపమొకటే గాని, హెచ్‌ఎంసీని ప్రోగ్రాము పిలుచు చిరునామా 30, దీనిది 13. ఒకదానికి వ్రాసిన ప్రోగ్రాము రెండవదానితో పలుకదు.

డ్రోనులో అసలు శత్రువు మోటారు తీగయే. మన ప్రాంతమున భూక్షేత్రబలము 43 మైక్రోటెస్లాలకు చేరువ. 20 ఆంపియర్లు పారు తీగ 5 సెంటీమీటర్ల దూరమున 80 మైక్రోటెస్లాలను పుట్టించును! అందుచేత సెన్సారును ఎత్తైన కడ్డీపై జీపీఎస్ తోడుగా నిలుపుదురు, రాకపోకల తీగలను జడగా మెలివేయుదురు. వాలుట వలని దోషము మాత్రము మనకు స్వల్పము. భూక్షేత్రము ఇచ్చట నేలలోనికి ఇరువది మూడు డిగ్రీల మేర మాత్రమే వంగియుండుటచే, ఉత్తరాభిముఖమైన డ్రోను పక్కకు 10 డిగ్రీలు ఒరిగిన దిక్కు నాలుగు డిగ్రీలే తప్పును. వంపు 66 డిగ్రీలున్న లండనులో అదే ఒరుగుటకు ఇరువది డిగ్రీలకు పైగా తప్పును. ఆ నాలుగింటిని సైతము త్వరణమాపకపు కొలతతో సరిదిద్దవలెను. మా బాలిక ఇప్పుడు ఆ లెక్కనే వ్రాయుచున్నది.