కాలిబాట వ్యయము ఎవరిది?

నగరములలో నడచువాడు నడిరోడ్డునకు ఎందుకు దిగుచున్నాడు? కాలిబాట లేకపోవుటచేత; ఉన్నచోట దానిపై మోటారు సైకిలో, ట్రాన్స్‌ఫార్మరో ముందే వచ్చి కూర్చుండుటచేత. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రవాణా శాఖ లెక్క. కాలిబాటకు కనీసము 1.8 మీటర్ల వెడల్పు ఉండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్ణయించినది. నిరాటంకమైన కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగములోని 21వ అధికరణమున ఇమిడియున్నదని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది. కొలత ఉన్నది, హక్కు ఉన్నది, ధనమో?

సాధారణముగా ఆ భారము పురపాలక సంఘముది. అనగా ఇంటిపన్ను చెల్లించు వారందరిదీ. వారిలో వాహనము లేనివారును కలరు. వాహనముపై వచ్చు జీవితకాలపు పన్ను మాత్రము రాష్ట్ర ఖజానా చేరును. అపాయము తెచ్చునది వాహనము, రక్షణకు సొమ్మిచ్చునది నడచువాడు. ఇది న్యాయముగా తోచదు.

శ్రోతలలో వాహనము గలవారు, “పెట్రోలు సుంకముతో రోడ్లను పోషించునది మేమే గదా” అందురేమో. ఆ మాటకు చరిత్ర కలదు. ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన 1927లో ఏర్పడిన సంఘము సూచనపై, పెట్రోలుపై అదనపు సుంకము విధించి, 1929లో రహదారి నిధిని నెలకొల్పిరి. ఆ నిధికి సంబంధించిన 2000 నాటి చట్టము రహదారులతోపాటు, కాపలాలేని రైలు గేట్లవద్ద రక్షణ పనులను సైతము పేర్కొన్నది. రైలు నుండి మనిషిని కాపాడుటకు పెట్రోలు సొమ్ము తగినప్పుడు, పెట్రోలు బండి నుండి బడిపిల్లవానిని కాపాడుటకు ఏల తగదు?

ఇట్లు ఆదాయమును ప్రత్యేకించుట సాధ్యమేనని లండను చూపినది. 2003 ఫిబ్రవరి నుండి అచట నగర మధ్యమునకు వచ్చు కార్లపై రుసుము విధించిరి. మొదట రోజుకు 5 పౌన్లు. ఖర్చులు పోగా మిగిలినది నగర రవాణాకే వినియోగింపవలెనని శాసనము. అందు అధిక భాగము బస్సులకు పోయినది. నడకకు, రోడ్డు భద్రతకు కొంత దక్కినది.

మన యెడ ఆటో నడుపువాని మాట మరువరాదు. పెట్రోలు సుంకము పెంచినచో వాడే ముందు నలుగును. అంతకంటె, బరువైన కార్ల జీవితకాలపు పన్నులో ఒక భాగమును పురపాలక సంఘములకిచ్చి, కాలిబాటలకే కట్టుబరచుట మేలు. కారు దిగినవాడును ఆ బాటనే నడువవలెను గదా! వార్డువారీగా లెక్క ప్రకటించినచో, తన సొమ్ము ఏ వీధిలో రాయియైనదో అతనికిని తెలియును.